మాట వినని కడుపు

నా జన్మలో చేసుకున్న వాంతుల్లో ఒక్కటి మాత్రం బందరులో చాలామందికి పనికొచ్చింది. దాన్ని పట్టుకుని ఊరేగారు. వారం రోజులపాటు నలుగురు కూడిన చోటల్లా అదే మాట. ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకుంటే నా మీద నాకే కంపరం పుడుతుంది. వాంతి ఏం చేసింది పాపం, అది వచ్చి పోయింది. ఆ తర్వాత నేను చేసిన పని ఉంది చూశారూ, అదీ రోత. చదివేవాళ్లు ముక్కు మూసుకున్నా సరే, చెప్పేస్తాను.

రెండో ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు రోజులవి. నేను బందరులో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మాది గుడివాడ, ఆచారం గట్టిగా పట్టిన బ్రాహ్మణ కుటుంబం. నాతోపాటు సైన్సు చెప్పే మాస్టారు ఇంకొకాయన ఉండేవారు. ఆయనది దివిసీమలో కోడూరు పక్కన ఒక పేట. ఆయన తాతగారి కాలంలో ఆ పేట మొత్తం క్రైస్తవం పుచ్చుకుంది. దేవుడు మారాడు గానీ ఊరి లెక్క మారలేదు. ఊళ్లోవాళ్లకు వాళ్లు అంటరానివాళ్లే. ఆ ఇంట్లోంచి చదువుకుని, పట్టా పుచ్చుకుని, మా స్కూలుకి మాస్టారై వచ్చారు. పాఠం చెప్పడంలో ఆయన ముందు నేను దండగ. మూడేళ్లు ఒకే గదిలో, ఒకే బల్ల మీద కప్పల్ని కోశాం. ఆ బల్ల దగ్గర నాకు ఆయన కన్నా దగ్గరివాడు ప్రపంచంలో లేడు.

అయిదో ఫారానికి నరాల పాఠం వచ్చినప్పుడు ఇద్దరం కలిసి చెప్పేవాళ్లం. ఒంట్లో నరాలు రెండు జట్లురా అనేవాళ్లం. ఒక జట్టు మన మాట వింటుంది. చెయ్యి ఎత్తమంటే ఎత్తుతుంది, నడవమంటే నడుస్తుంది, నాలుక ఆడించమంటే ఆడిస్తుంది. రెండో జట్టు మనల్ని పూచికపుల్లపాటి కూడా లెక్కచెయ్యదు. గుండె, కడుపు, పేగులు, చెమట, లాలాజలం, కంటిపాప, ఇవన్నీ దాని చేతికింద ఉంటాయి. అందులో మళ్లీ రెండు పాయలు. ఒకటి గుండెని ఉరకమంటుంది, రెండోది నెమ్మదించమంటుంది. మనం నిద్రపోయినా, శుద్ధ మూర్ఖులమైనా ఆ రెండూ వాటి పని అవి చేసుకుపోతాయి.

ఇది పిల్లలకి ఎక్కించడానికి ఆ మాస్టారు ఒక పరీక్ష పెట్టేవారు. చేతులు కట్టుకోమనేవారు. అందరూ కట్టుకునేవాళ్లు. ఇప్పుడు నోట్లో నీళ్లు ఊరనివ్వకండి, ఇది హెడ్మాస్టరు గారి ఆర్డరు అనేవారు. అని, వేడివేడి అన్నంలో కొత్త చింతకాయ పచ్చడి వేసి, నూనె పోసి, ఎండుమిరపకాయ నంజుకుంటూ ఎలా తినాలో తీరుబడిగా వర్ణించేవారు. క్లాసు మొత్తం గుటకలు మింగేది. "చూశారా, హెడ్మాస్టరు గారి మాట కూడా వినలేదు మీ నోరు" అనేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. వెనక బల్ల దగ్గర నిలబడి నేనూ గుటక మింగేవాణ్ణి.

ఇంత చమత్కారంగా నోరూరించే మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్కూల్లో చుక్క నీళ్లు ముట్టేవారు కాదు. మా టీచర్ల గదిలో మూలన ఒక మట్టి కుండ, దాని మీద ఇత్తడి గ్లాసు ఉండేవి. ఆయనకి మాత్రం కిటికీలో ఒక సత్తు గ్లాసు వేరే పెట్టారు. దప్పికైతే బంట్రోతుని పిలవాలి. బంట్రోతు వచ్చి ఎత్తునుంచి పోస్తాడు. ఆయన వచ్చిన మొదటిరోజే ఆ గ్లాసు చూశారట, మళ్లీ దానివైపు చూడలేదు. ఎండాకాలం నాలుగు పీరియడ్లు వరసగా చెప్పి పెదాలు పగిలినా సరే. దాహం మన మాట వినదు కదండీ అని ఒకసారి నేనంటే, వినదు గానీ కాళ్లు వింటాయి మాస్టారూ, కుండ దగ్గరకి వెళ్లొద్దంటే వెళ్లవు అన్నారు.

నాకు ఆ సత్తు గ్లాసు చూస్తే ఒళ్లు మండేది. ఇద్దరం కలిసి హెడ్మాస్టరు గారికి ఒక కాగితం రాశాం. టీచర్లందరికీ ఒకే కుండ, ఒకే గ్లాసు ఉండాలని. ఆయన చెడ్డవాడు కాడు, పిరికివాడు. మా తెలుగు పండితులవారు ఒప్పుకోరు, ఆయన వెనక నలుగురున్నారు అని నసిగారు. చివరికి నన్నొక్కణ్ణే పిలిచి ఒక దారి చెప్పారు. మీవంటి కుటుంబంలోవారు ఆ మాస్టారి ఇంట భోంచేసి వచ్చి, నాకేమీ కాలేదని టీచర్ల సభలో ఒక్క మాట అంటే, నేను కుండ సంగతి తేల్చేస్తాను అన్నారు. ఓస్, ఇంతేనా అన్నాను. నాకన్నా సంస్కర్త కృష్ణా జిల్లాలో లేడని అప్పట్లో నా అభిప్రాయం.

మాఘమాసంలో ఒక ఆదివారం ప్రయాణం కట్టాం. ఆ మాస్టారు ముందురోజే వెళ్లారు. నేను పులిగడ్డ రేవులో పడవ దాటి, అవతల ఎడ్లబండి మాట్లాడుకుని కోడూరు మీదుగా పేటకి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ప్రార్థన ముగించుకుని పేట మొత్తం ఆయన ఇంటిముందు నిలబడి ఉంది. ముసలివాళ్లు కూడా తెల్లబట్టలు కట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డారు. తమ ఇంట అన్నం తినడానికి బ్రాహ్మడు రావడం వాళ్లలో ఎవరూ చూసి ఎరగరు. నాకు ఆ చూపులు హాయిగా ఉన్నాయి. అబద్ధమెందుకు, పెళ్లికొడుకులా నడిచాను.

ఆయన తల్లి గుమ్మంలోకి వచ్చి దణ్ణం పెట్టింది. బక్కపలచటి మనిషి, గంజి పెట్టిన చీర. ఇల్లంతా పేడతో అలికి, ముగ్గుపెట్టి, కొత్త చాప వేసి, లేత అరిటాకు పరిచి ఉంచింది. ఎక్కడా ఈగ వాలలేదు. మా ఇంట్లో కూడా అంత శుభ్రం నేను చూడలేదు, ఆ మాట ఇప్పుడే రాసేస్తున్నాను. ఆ మాస్టారు నా పక్కన కూర్చున్నారు. ఆవిడ వడ్డించింది. ముద్దపప్పు, దొండకాయ వేపుడు, ముక్కల పులుసు, గడ్డపెరుగు. నా చెయ్యి పప్పన్నం కలిపింది. నోరు నమిలింది. పులుసు అచ్చం మా ఇంటి పులుసులా ఉందే అని ఆశ్చర్యపోయాను కూడా. నాలుగు ముద్దలు బ్రహ్మాండంగా తిన్నాను. పేట మొత్తం గుమ్మం అవతల ఊపిరి బిగబట్టి నా నోటివంకే చూస్తోంది.

అయిదో ముద్ద దగ్గర, ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు, మా బామ్మ ముఖం కళ్లముందుకొచ్చింది. గుడివాడ స్టేషన్లో బందరు రైలు ఆగినప్పుడు ఎండుచేపల బుట్టలు దించేవాళ్లు. వాటిని మోసే మనుషులు మా వీధిలోంచి నడిచివెళ్తే చాలు, బామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఓకరించేది. వాసన వచ్చినా రాకపోయినా ఓకరించేది. మూడేళ్లవాణ్ణి, ఆవిడ ఒళ్లో కూర్చుని నేనూ ఓకరించేవాణ్ణి. అబ్బ, వీడికి ఎంత ఆచారమో అని అందరూ మురిసిపోయేవాళ్లు. నాకు మాటలు వచ్చిన కొత్తలోనే ఈ విద్య కూడా వచ్చేసిందన్నమాట.

ఇది వండిన చెయ్యి ఎవరిది అని ఒక ఆలోచన వచ్చింది. అంతే. నోట్లో పల్చటి నీళ్లు ఊరాయి. నుదుటిమీద చల్లటి చెమట పట్టింది. గుండె దడదడలాడింది. సైన్సు మాస్టర్ని కదా, ఒక్కో గుర్తూ వరసగా వస్తుంటే పుస్తకంలో పేజీ తిప్పినట్టు గుర్తుపడుతూనే ఉన్నాను. ఇప్పుడు కడుపులో తిప్పుతుంది అనుకున్నాను, తిప్పింది. ఊపిరి గట్టిగా పీల్చి ఆపాలనుకున్నాను. మింగుదామనుకున్నాను. ఛీ, నోరు మూసుకోవే అని కడుపుని బతిమాలాను. నా మాట వినాల్సిన పొట్ట కండరాలు కూడా అటువైపే చేరిపోయాయి. పరుగెత్తుకుని వాకిట్లోకి వచ్చి, ఆ ముగ్గు మీద, అందరి కాళ్లముందూ కక్కేశాను.

కక్కుతూనే ఉన్నాను. నా ముక్కులోంచి, కళ్లలోంచి నీళ్లు. పులిసిన కంపు. నా తెల్ల పంచె నిండా చిందింది. ఆయన తల్లి పరుగున వచ్చింది. ఎవరి బిడ్డ వాంతి చేసుకుంటున్నా ఆడవాళ్లు నుదురు పట్టుకుంటారు కదా, అలాగే ఆవిడ చెయ్యి నా నుదుటివైపు వచ్చింది. బెత్తెడు దూరంలో ఆగిపోయింది. అక్కడే కాసేపు గాలిలో ఉండి, వెనక్కి వెళ్లిపోయింది. ఆ ఆగిపోయిన చెయ్యిని తలుచుకుంటే, నేను కక్కినదాని కన్నా అదే నాకు ఎక్కువ అసహ్యం. ఎవరు నేర్పారు ఆ చేతికి అలా ఆగడం? నాబోటివాళ్లమే కదా.

ఎండలో బండి ప్రయాణం, వేడి చేసి ఉంటుంది అని ఆ మాస్టారే అందరికీ సర్దిచెప్పారు. ఆవిడ చీపురు, పేడనీళ్లు తెచ్చి నా ఎదురుగానే ఆ చోటు కడిగింది. నేను తల తీసి మొలేసినట్టు నిలబడ్డాను. ఆయన రేవు దాకా వచ్చి పడవ ఎక్కించి వెళ్లారు.

నాకన్నా ముందే కబురు రేవు దాటి బందరు చేరింది. సోమవారం పొద్దున టీచర్ల గదిలో అడుగుపెడితే తెలుగు పండితులవారు లేచి నిలబడ్డారు. ఎన్నడూ నాకోసం లేవని మనిషి. "మీ బుద్ధి గడ్డితిన్నా మీ రక్తం గడ్డితినలేదు మాస్టారూ. లోపలికి పోయినది ఏమిటో మీ కడుపు కనిపెట్టింది" అన్నారు. మిగతావాళ్లు తలలూపారు. ఒకాయన నా భుజం తట్టాడు. నాకు సిగ్గేసింది. ఎందుకు దాచాలి, సిగ్గుతోపాటు కాస్త వెచ్చగా కూడా అనిపించింది. నా కడుపు గొప్పదట. థూ.

ఆ మాస్టారు మంగళవారం వచ్చారు. సైన్సు గదిలో గాజు సామాను కడుగుతూ, నావైపు చూడకుండా చెప్పారు.

"మా అమ్మ మీకు వండలేదు మాస్టారూ. కోడూరులో పూటకూళ్లమ్మ గారి దగ్గర్నుంచి తెప్పించింది. నాక్కూడా చెప్పలేదు."

నాకు మొదట అర్థం కాలేదు. కోడూరులో భోజనం పెట్టే ఒక బ్రాహ్మణ వితంతువు ఉండేది. దారినపోయే బ్రాహ్మలు ఆవిడ ఇంట పూట గడుపుకునేవాళ్లు. ఈ తల్లి, పాపం అయ్యవారు మన చేతివంట తినలేరేమో, మొహమాటానికి తిని ఇబ్బంది పడతారేమో అని, తెలిసిన రైతు చేత పొద్దున్నే అక్కణ్ణించి అన్నం, కూరలు అన్నీ కొత్త పాత్రల్లో తెప్పించి ఉంచింది. తను వండుకున్నది మూతపెట్టి లోపల దాచేసింది. నేను వెళ్లాక ఏడుస్తూ కొడుక్కి ఈ సంగతి చెప్పిందట. ఆయన నువ్వెందుకు ఇలా చేశావు, ఆయన వచ్చిందే నీ వంట తినడానికి కదా అని తల్లి మీద కేకలేశారట. మా ఇంటి పులుసులా ఉందని నా నాలుక ఉన్నదున్నట్టే చెప్పింది. నా కడుపు మాత్రం మా వాళ్ల వంటనే, నాలాంటి ఇంట్లో వండిన పప్పునే, ఆ వాకిలి చూసి కక్కింది.

ఆయన గ్లాసులు పక్కన పెట్టి నావైపు తిరిగారు. కళ్లు మెరుస్తున్నాయి. కప్ప గుండె బయటపెట్టినా కొట్టుకుంటూనే ఉందని మొదటిసారి చూసినప్పుడు కూడా ఆ కళ్లు అలాగే మెరిశాయి. మీరు తిని అరిగించుకుని ఉంటే కూడా ఇంత మేలు జరిగేది కాదు అన్నారు. కడుపు కనిపెట్టింది, రక్తానికి తెలుసు అంటున్నారు కదా, మరి బ్రాహ్మణ వంటని ఎందుకు కనిపెట్టలేదో చెప్పమనండి. ఆ కడుపుకి ఏమీ తెలియదు, చిన్నప్పుడు నేర్పిందే అది చేస్తుంది. పండితులవారి మాట ఒక్క దెబ్బతో పడిపోతుంది. నేను చెబితే, తల్లిని వెనకేసుకొస్తున్నాడంటారు. మీరు చెప్పాలి అన్నారు.

తప్పకుండా చెబుతాను అన్నాను. ఆయన చెయ్యి పట్టుకుని మరీ అన్నాను.

శుక్రవారం బడి వదిలాక సభ పెట్టారు. హెడ్మాస్టరు గారు కుండ విషయం ఎత్తి, గొంతు సవరించుకుని, మాస్టారూ, మీరు వెళ్లొచ్చారు కదా, ఏమంటారు అని నన్ను అడిగారు. పండితులవారు చిరునవ్వు నవ్వుతూ మీసం దువ్వుకున్నారు. ఆ మాస్టారు కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు, ఆయన వెనక ఆ సత్తు గ్లాసు.

లేచి నిలబడ్డాను. మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు అనిపించింది, నేను ఇది చెబితే వీళ్లంతా ఎంత నవ్వుతారో అని. పూటకూళ్లమ్మ పప్పన్నం తిని, అది మాలవాళ్లదనుకుని కక్కుకున్న వెధవ అంటారు. బతికినన్నాళ్లూ అంటారు. మా ఆవిడ పుట్టింటి దాకా పాకుతుంది. ఇప్పుడైతే రక్తం గొప్పదని భుజం తట్టారు. ఆ గొప్పా పోతుంది, సంస్కర్తనన్న పేరూ పోతుంది. రెండూ పోగొట్టుకోకుండా బయటపడే దారి ఒకటి కనిపించింది.

"ఆ రోజు వంటలో ఏదో పాచిపోయిందండీ. అంతకుమించి ఏమీ లేదు" అన్నాను.

గుండె దడ లేదు. చెమట పట్టలేదు. కడుపు అసలు కదల్లేదు. ఆ తల్లి పెట్టిన నాలుగు ముద్దలు ఇముడ్చుకోలేని కడుపు ఈ మాటని హాయిగా ఇముడ్చుకుంది. మరి అదేగా మేము అంటున్నది, శుచి లేనిచోట అన్నీ పాచివే అని పండితులవారు అందుకున్నారు. ఎవరో నవ్వారు. హెడ్మాస్టరు గారు నిట్టూర్చి, ఇంకొన్నాళ్లు చూద్దాం లెండి అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బరువు దిగినట్టు కనిపించింది ఆయన ముఖం. అందరూ గొడుగులు తీసుకుని లేచారు.

నేను బయటికి వచ్చేసరికి వరండాలో ఆ మాస్టారు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ కడుపుని మా అమ్మ ఆ రోజే క్షమించిందండీ. అది ఆయన మాట వినదమ్మా, ఆయన చేతిలో లేదమ్మా అని నేనే చెప్పాను. ఇప్పుడు ఈ నోటి గురించి ఆవిడకేం చెప్పమంటారు?"

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగారు. క్లాసులో పిల్లవాణ్ణి అడిగి జవాబు కోసం ఆగినట్టు, నా ముఖంలోకి చూస్తూ ఆగారు.

నాకు దాహం వేసింది. ఇప్పుడే వస్తానని ఏదో గొణిగి, టీచర్ల గదిలోకి వెనక్కి వెళ్లిపోయాను. లోపల ఎవరూ లేరు. కుండ మీది ఇత్తడి గ్లాసు తీసుకుని, ముంచుకుని, ఒకటి తాగాను, రెండోది తాగాను. కిటికీలోంచి చూస్తే ఆయన సైకిలు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు. ఆయన వెళ్లిపోయేదాకా నేను బయటికి రాలేదు.